నాలుగో అంతస్తులో వారం రోజులు

వీధి చివరి టీ కొట్టులో సాయంత్రమయ్యేసరికి టీ కంటే మాటలే ఎక్కువ మరుగుతాయి. కొట్టు నడిపే ఆవిడ గ్లాసుకింత అని కాకుండా, కూర్చున్న గంటకింత అని వసూలు చేసి ఉంటే ఈపాటికి మేడ కట్టేది. ఆవిడకి మొహమాటం ఎక్కువ. ఆ మొహమాటం మీదే సగం వీధి కూర్చుని కబుర్లు చెప్పుకుంటోంది.

ఆ రోజు కండక్టరు భార్యను వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. ఉద్యోగం మానేసి రెండేళ్లు కావస్తున్నా అతన్ని అందరూ కండక్టరనే అంటారు. పిలిచిన ప్రతిసారీ అతని చెయ్యి భుజానికి లేని సంచీ వైపు వెళుతుంది. ఉద్యోగకాలమంతా ఒకే రూటులో నిలబడి తిరిగాడు కాబట్టి, ఇక కూర్చుని తిరగాలని యాభై దాటీ దాటకముందే రిటైరయ్యాడు. కాళ్లు ఆడుతుండగానే ఊళ్లు చూడాలని అతని ఉద్దేశం. భార్య బట్టలు కుట్టేది. ఆవిడ కూడా కొట్టు మూసేసి మిషను అక్క కూతురికి ఇచ్చేసింది. సగం కుట్టిన జాకెట్లు కొన్ని వీధిలో ఇప్పటికీ సగమే ఉన్నాయి. ఆ ఆడవాళ్లు దారిలో ఎదురైతే ఆవిడ మొహం తిప్పుకుని కొండలు చూస్తుంది.

ఇద్దరూ కలిసి ప్రయాణం చేసే పద్ధతి ఒకటుంది. చివరి ఊరి దాకా టిక్కెట్టు తీసుకుంటారు. మధ్యలో కిటికీలోంచి ఏ వాగో, ఏ తోటో ఆవిడకి నచ్చితే అక్కడే దిగిపోతారు. దిగాక చుట్టూ చూసి మురిసిపోవడం ఆవిడ పని, గది వెతకడం అతని పని. చివరి ఊరు వాళ్లు ఇంతవరకు చూడలేదు.

పోయినసారి అలాగే దిగిన ఊళ్లో ఆవిడకి జ్వరం వచ్చింది. ఆవిణ్ణి బస్టాండు బల్ల మీద పడుకోబెట్టి కండక్టరు గది కోసం వీధులన్నీ తిరిగాడు. ఎక్కడా ఖాళీ లేదు. ఆఖరికి ఎవరో మందుల కొట్టాయన దయతలచి వెనక గది ఇచ్చాడు. జ్వరం మర్నాటికే తగ్గిపోయింది. ఆవిడ దాన్ని ఒక సరదా కథలా అందరికీ చెబుతోంది. కండక్టరు మాత్రం ఆ కథ మొదలైతే లేచి మంచినీళ్లకి వెళతాడు.

అందుకే టైమ్‌షేర్ కంపెనీవాళ్లు పిలిచి, భోజనం పెట్టి, రిసార్టు బొమ్మలు చూపించినప్పుడు అతనికి నోరూరింది. భోజనం చూసి కాదు. ఏడాదికి ఒక వారం, ఒక గది, బతికినంతకాలం మనదే, మిగతా వారాలు మిగతావాళ్లవి అని వాళ్లు చెప్పారు. అంటే లోకంలో ఎక్కడో ఒకచోట మంచం సిద్ధంగా ఉంటుందన్నమాట. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం దానికే పోతుంది. అయినా సరే అనుకున్నాడు. కాగితాలు పట్టుకుని మర్నాడు పొద్దున కంపెనీ మనిషి ఇంటికే వస్తానన్నాడు.

భార్య సరేననలేదు, వద్దనీ అనలేదు. కొన్నవాళ్లని ఒక్కరినైనా అడుగుదాం, వాళ్లు బాగుందంటే నేనూ సంతకం పెడతాను అంది.

వీధి మొత్తం మీద ఆ రిసార్టులో కొన్నవాడు ఒకడే ఉన్నాడు. లిఫ్టాయన.

చిక్కంతా అక్కడే వచ్చింది. లిఫ్టాయన చెప్పింది నాలుగో వంతుకు కోసుకుని వినడం ఆ వీధిలో అందరికీ అలవాటు. పన్నెండంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపేవాడాయన. ఎక్కినవాళ్లు తామే మీట నొక్కుకునే లిఫ్టులు వచ్చాక, నీ అవసరం లేదని చెప్పి ముందే సాగనంపారు. ఆయన మాత్రం, కొత్త లిఫ్టు తన ముందు నిలబడలేక సిగ్గుపడి రెండుసార్లు మధ్యలో ఆగిపోయిందనీ, దాని పరువు కాపాడటానికి తనే తప్పుకున్నాననీ చెబుతాడు. ఏ ఊళ్లో ఏ కట్టడం గురించి చెప్పినా ముందు లిఫ్టు సంగతి చెబుతాడు. ఓపికుంటే తర్వాత మిగతా కట్టడం.

కండక్టరు సంగతి చెప్పి, నీ అనుభవం చెప్పన్నా అని అడిగాడు. లిఫ్టాయన గ్లాసు కింద పెట్టాడు. సెలూనాయన కత్తెర జేబులో వేసుకుని బల్ల చివర సర్దుకుని కూర్చున్నాడు. అవతల ఒక గిరాకీ సగం గడ్డంతో ఎదురుచూస్తున్నాడని అతనికి గుర్తుంది, కానీ సగం గడ్డంతో మనిషి ఎక్కడికీ పోడన్న ధీమా కూడా ఉంది.

"నేను పెద్దగా చెప్పుకునే మనిషిని కాదు తమ్ముడూ," అని మొదలుపెట్టాడు లిఫ్టాయన.

టీ కొట్టావిడ ఇంకో గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

"మొదటి ఏడు వెళ్లాం. గేటు దగ్గరికి మేనేజరు స్వయంగా వచ్చి నా చేతిలో సంచీ అందుకున్నాడు. అంతే, అంతకు మించి ఏం లేదు, మర్యాద తెలిసిన మనిషి. పనివాళ్లు లేరా అంటావేమో, ఇరవైమంది ఉన్నారు, వాళ్లని పక్కకి తప్పుకోమని తనే మోశాడు. మరుసటేడు వెళ్లేసరికి ఇద్దరు మేనేజర్లు, చెరో పిడీ పట్టుకున్నారు. ఆ పై ఏడు నేను సంచీ తీసుకెళ్లలేదు, వాళ్లలో వాళ్లకి గొడవలెందుకని. గది మాత్రం చెప్పుకోవాలి. నాలుగో అంతస్తు, చిట్టచివరిది, తలుపు తీస్తే ఎదురుగా సరస్సు. ఇక ఆ పరుపుంది చూశావూ, కూర్చుంటే నడుం దాకా, పడుకుంటే ముక్కు దాకా దిగిపోతావు. నేను మామూలుగా ఒక కునుకు తీద్దామని ఒరిగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాఫీ తెచ్చినవాడు గదిలో ఎవరూ లేరనుకుని తలుపేసుకుని పోయాడు. నేను కింద నుంచి కేకలేస్తూనే ఉన్నాను, ఆ పరుపు కేకను కూడా మింగేస్తుంది. ఆఖరికి ఎవరో దుప్పటి పేని కిందికి వదిలితే పట్టుకుని ఎగబాకాను."

"ఎవరు వదిలారు?" అన్నాడు సెలూనాయన.

"అంతకు ముందు వారం వచ్చినాయన. పాపం ఆయన కూడా ఇంకా అందులోనే ఉన్నాడు, నాకంటే కాస్త పైన."

కండక్టరు నవ్వాడు గానీ మనసు నవ్వులో లేదు. నాలుగో వంతుకు కోసుకున్నా మెత్తటి పరుపు ఒకటి మిగిలింది. అది చాలు. అతను తనకు కావలసిందే అడిగాడు. ఎంత ఆలస్యంగా వెళ్లినా గది మన కోసం ఉంటుందా, ఇంకెవరికైనా ఇచ్చేస్తారా అని.

లిఫ్టాయనకి అలాంటి ప్రశ్న దొరకడం అరుదు. ఒక ఏడు బస్సు చెడిపోయి, దిగేసరికి పొద్దు వాలిందనీ, ఎలారా భగవంతుడా అనుకుంటూ చూస్తే బస్టాండులో తన గదే నిలబడి ఉందనీ చెప్పాడు. తలుపు మీద అంకె చూసి గుర్తుపట్టాడట. మెంబరుగారు ఇంకా రాలేదని ఉండబట్టలేక ఎదురొచ్చిందట. ఆ రాత్రి సరస్సు కనిపించకపోతే, తెల్లారేసరికి అది కూడా వెతుక్కుంటూ వచ్చి కిటికీ కింద సర్దుకుందట.

"ఒకటే లోటు. పొద్దున సూర్యుడు రావడానికి ఒక కొండ అడ్డం. మేనేజరుతో చెప్పాను, కోప్పడలేదు, మామూలుగానే చెప్పాను. మరుసటేడు వెళ్లి కిటికీ తీస్తే సూర్యుడు నేరుగా దిండు మీద పడ్డాడు."

"కొండని జరిపారా అన్నయ్యా?" అంది టీ కొట్టావిడ.

"జరపలేదమ్మా, అంత అబద్ధం నేను చెప్పను. కొండే కాస్త ఒత్తిగిలింది. మెంబరన్నాక ఆ మాత్రం చూస్తారు."

కండక్టరు భార్య అప్పటివరకూ వింటూ కూర్చుంది. కుట్టుపని చేసినవాళ్లకి ఒక అలవాటుంటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాటల్ని కాక, అతుకు ఎక్కడ పడిందా అని చూస్తారు. ఆవిడ నెమ్మదిగా, మాకు ఆ వారం ఆ సరస్సు కాకుండా వేరేచోటికి పోవాలనిపిస్తే ఎలా అని అడిగింది.

"మార్చుకోవడమే. నీ వారం వాళ్లకి, వాళ్ల వారం నీకు. ఈ మారుబేరంలో నేను చూడని లోకం లేదు, ఒకసారైతే ఏకంగా రాజుగారితో మార్చుకున్నాను. ఎక్కడో దీవి, ఆయనకి ఎటు చూసినా ఉప్పు నీళ్లే, తియ్యటి నీళ్ల సరస్సు చూడాలని కోరిక. సరే కానివ్వండన్నాను. ఆయన వచ్చి నా పరుపులో మునిగాడు, నేను వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. మరి రాజుగారి వారమంటే గది ఒక్కటే కాదుగా, ఆ వారంలో ఉన్న పనంతా మనదే. తీర్పులు చెప్పాను, సైన్యాన్ని చూసొచ్చాను, వాళ్లకీ పక్క దీవికీ తాతలనాటి యుద్ధం ఒకటుంటే మధ్యాహ్నం నిద్రకి అడ్డమని ఆపించేశాను. జనం నన్ను వదలనంటారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంత్రి వచ్చి, ప్రభువులు పోయేముందు ఒక్క చట్టం చేసి పోవాలి, మీ గుర్తుగా ఉంటుందన్నాడు."

"ఏం చేశావు?" అన్నాడు సెలూనాయన. సగం గడ్డం సంగతి అతను పూర్తిగా మర్చిపోయాడు.

"మెట్లు తీసెయ్యమన్నాను. రాజ్యం మొత్తంలో మెట్టనేది కనిపించకూడదన్నాను. రాతి మెట్లు, చెక్క మెట్లు, ఇనప మెట్లు, అన్నీ. అన్నిటికంటే ఆ మలుపు తిరిగే మెట్లున్నాయే, అవి మరీ పాపిష్టివి. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుందామంటే కాలు పెట్టేంత చోటుండదు. పట్టుకునే కమ్మీ ఒకవైపే పెడతారు, అదీ ఎడమవైపు. మనిషికి నొప్పి కుడి మోకాలిదైతే ఎడమవైపు కమ్మీ ఏం చేసుకుంటుంది? మొదటి మలుపు దాకా ఎలాగో ఎక్కుతుంది. అక్కడ కూర్చుంటే ఇక లేవడమెలా? పైకా, కిందికా? ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ జరుగమ్మా జరుగమ్మా అంటుంటే..."

అక్కడ ఆయన ఆగాడు. రాజుగారి కుర్చీలో కూర్చున్న మనిషి ఏదో మెట్ల మలుపులోకి ఎలా వచ్చిపడ్డాడో ఆయనకే అర్థమైనట్టు లేదు. దీవి, సైన్యం, మంత్రి అన్నీ మొదటినుంచీ గాలిలోనే ఉన్నాయి. కమ్మీ మాత్రం గట్టిగా, ఇనుముతో, ఎడమవైపున ఉంది.

కండక్టరు భార్య ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యా, మీ రిసార్టులో లిఫ్టుందా?"

మాట కోసం లిఫ్టాయన తడుముకోవడం ఆ బల్ల ఎప్పుడూ చూడలేదు. సరస్సు ఎలాగూ పైదాకా వస్తుంది కదమ్మా, పడవలో పోతే నేరుగా గదిలోనే దిగొచ్చని ఏదో అనబోయాడు గానీ, ఆ పడవ రెండు గజాలు కూడా పోలేదు. సెలూనాయన నవ్వడానికి నోరు తెరిచాడు. టీ కొట్టావిడ ఆ నోటికి అందేలా వేడి గ్లాసు ఒకటి అతని చేతిలో పెట్టింది. అతను అడగని టీ అది. ఊదుకుంటూ ఊరుకున్నాడు.

"వదిన మోకాలు కుడిదేగా?" అంది టీ కొట్టావిడ మెల్లిగా.

లిఫ్టాయన తలూపాడు.

"నాలుగంతస్తులు కట్టి లిఫ్టు పెట్టనివాడు ఉంటాడని ఎవరనుకుంటారమ్మా? నేనడగలేదు. ఇల్లు కొంటూ తలుపుందా అని అడుగుతామా? వాళ్లు కింది గదే ఇస్తామన్నారు, అబద్ధం చెప్పకూడదు. నేనే కాదన్నాను. బతుకంతా ఒక్కొక్కరినీ పైన దింపి, నేను ఖాళీ లిఫ్టుతో కిందికొచ్చేవాణ్ణి. ఒక్కసారైనా ఆవిడతో కలిసి పైన దిగుదామనుకున్నాను."

మిగిలింది తలా ఒక ప్రశ్న వేసి రాబట్టారు. మొదటి ఏడు వదిన మొదటి మలుపు దాకా ఎక్కి, ఇక కదల్లేక అక్కడే కూర్చుండిపోయింది. ఆవిణ్ణి కిందికి దింపుకుని, కింద సోఫాలో కాసేపు కూర్చోబెట్టి, సాయంత్రం బస్సుకే వచ్చేశారు. కింది గది ఖాళీ అయితే మారుస్తామని వాళ్లు పేరు రాసుకున్నారు. కింది గదులవాళ్లు ఇంకా ఎవరూ ఖాళీ చెయ్యలేదు. వాళ్లూ బతికినంతకాలానికే కొనుక్కున్నారు. అప్పట్నుంచీ ఏటా ఆ వారం ఇద్దరూ ఇంటికి తాళం వేసి వదినగారి చెల్లెలింటికి పోతున్నారు. అక్కడ ఆవిడ చెల్లెలితో కబుర్లు చెప్పుకుంటుంటే, ఈయన వసారాలో కూర్చుని తిరిగొచ్చాక చెప్పాల్సిన సరస్సును కొంచెం కొంచెంగా లోతు చేసుకుంటాడు.

కండక్టరు గ్లాసులో టీ చల్లారిపోయింది. అతను లిఫ్టాయన్ని చూడటం లేదు. భార్య కాళ్లను చూస్తున్నాడు. ఇన్నేళ్లు మిషను తొక్కిన కాళ్లు అవి. పొద్దున లేవగానే ఆవిడ మోకాలు ఒకసారి రుద్దుకుని గానీ మంచం దిగదు. ఇప్పుడు ఎక్కగలిగే మెట్లు పదేళ్ల తర్వాత ఎక్కగలదో లేదో ఏ కంపెనీవాడు చెప్పగలడు? పైగా ప్రతి ఏడూ అదే వారం, అదే గేటు, అదే కిటికీ. చొక్కా రంగు మార్చి తనను మళ్లీ పాత రూటులోనే ఎక్కిస్తున్నట్టు అనిపించింది. ఇంతసేపూ ఆ సంగతి అతనికి తట్టలేదు. మంచం ఒక్కటే కనిపించింది.

"సంతకం వద్దులే," అన్నాడు.

భార్య ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. ఆవిడ గంతెయ్యలేదు.

"వద్దనిపించడానికి నేను అడగలేదు. వెళ్లినచోటికే మళ్లీ మళ్లీ వెళ్లాలని ఉండేవాళ్లకి అది బాగానే ఉంటుంది, అడగాల్సినవి అడిగి కొనుక్కుంటే. నాకు కుదరదు, నేను కిటికీ చూసి దిగే మనిషిని. కానీ నీ సంగతి కూడా చూడాలిగా. ఆ రోజు జ్వరం నాకొచ్చి పోయింది. భయం మాత్రం నీకొచ్చి ఉండిపోయింది. దాన్ని దింపుకోవడానికేగా నువ్వు ఇదంతా కొంటున్నది?"

కండక్టరు మంచినీళ్లకి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

ఆవిడే ఒక ఒప్పందం చెప్పింది. నచ్చినచోట దిగుతాను, అది మాననని ముందే తేల్చేసింది. అయితే దిగడం పొద్దున్నే. రాత్రి ఎక్కడ పడుకోవాలో మాత్రం బయలుదేరే ముందే ఫోను చేసి ఖాయం చేసుకుందాం, పొద్దు వాలకముందే ఆ గదికి చేరుకుందాం అంది. అంటే చివరి ఊరు అనేది ఒకటి నిజంగా ఉంటుందన్నమాట. ఇంత చిన్న మాటతో పోయేదానికి రిటైర్మెంటు డబ్బులో సగం పెట్టబోయామే అని కండక్టరుకి సిగ్గేసింది. మూడు గంటలు బొమ్మలు చూపించినవాళ్లలో ఒక్కరూ తనని ఎందుకు కొంటున్నావని అడగలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

కంపెనీ మనిషికి ఫోను చేసి రేపు రావద్దన్నాడు. అవతల ఆయన కారణం అడిగాడు. కండక్టరుకి అబద్ధాలు చేతకావు. మా ఆవిడ కిటికీ చూస్తుందండీ అన్నాడు. అవతల ఆయనకి ఏమర్థమైందో గానీ ఇంకేమీ అడగలేదు.

ఫోను జేబులో పెట్టుకోబోతూ ఆగాడు.

"అన్నా, ఈ ఏడు నీ వారమెప్పుడు?"

వచ్చే నెలలోనేనన్నాడు లిఫ్టాయన. అని, తనకు ఆ వారం చాలా పనులున్నాయని వెంటనే ఒక మాట తగిలించాడు. కండక్టరు ఆ పనులు వినిపించుకోలేదు. సరస్సు రూటు బస్సులో పనిచేసే తన పాత స్నేహితుడికి ఫోను చేశాడు. ఏ ఊరి బస్టాండులో అయినా కండక్టర్లకి తెలియని గది ఉండదు. తనకు అవసరమైనప్పుడు ఆ సంగతి గుర్తు రాకపోవడమే విచిత్రం. రిసార్టుకు ఇటుపక్కనే, నీళ్ల ఒడ్డున, ఒక ముసలావిడ రెండు గదులు అద్దెకిస్తుందని ఆ స్నేహితుడు చెప్పాడు. రెండూ నేల మీదే. కండక్టరు గడప ఎంత ఎత్తుంటుందో అడిగాడు. స్నానాలగది లోపలా బయటా అని అడిగాడు. కిటికీలెన్ని, ఎటువైపు అని కూడా అడిగాడు. అంత వివరంగా అడగడం అతని జన్మలో అదే మొదటిసారి. భార్య పక్కనుంచి అతన్నే చూస్తోంది.

"ఇలా చేద్దాం," అన్నాడు ఫోను పెట్టేసి. "నీ నాలుగో అంతస్తులో మేమిద్దరం ఉంటాం, మా మోకాళ్లు ఇంకా మా మాట వింటున్నాయి. కింద నీళ్ల పక్క గదిలో నువ్వూ వదినా ఉండండి. ఆ గది ఖర్చు మాది. నీ గదిలో మేముంటున్నందుకు."

లిఫ్టాయన వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆయన లిఫ్టాయనే కాదు. వీలు చిక్కుతుందో లేదో చూసుకోవాలన్నాడు. చెల్లెలుగారింట్లో ఎదురుచూస్తారన్నాడు. తను ముసలావిడ గదిలో దిగితే రిసార్టువాళ్లు చిన్నబుచ్చుకుంటారేమో ఆలోచించాలన్నాడు. ఆ ఆలోచనలన్నీ ఒక్క గుక్క టీలో ముగిశాయి.

"ఆ కింది గదిలోంచి నీళ్లు కనిపిస్తాయా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఒక కిటికీ ఉందట. నీళ్ల వైపే."

"మంచం మీద నుంచి?"

"మంచం మీద నుంచే."

లిఫ్టాయన లేచాడు. చెప్పుల్లో కాళ్లు దూర్చుతూ, ఈ సంగతి మా ఆవిడకి ఎవరూ చెప్పొద్దు, నేనే చెబుతానన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నయ్యా," అంది టీ కొట్టావిడ.

ఆయన ఆగి నిజంగానే ఆలోచించాడు.

"ఉన్నది ఉన్నట్టు చెబితే, చెప్పింది నేనేనని ఆవిడ నమ్మాలి కదమ్మా."

ఆ మాటలో న్యాయం ఉందని అందరికీ తోచింది. కండక్టరు భార్య వైపు చూశాడు. ఆవిడ కొంచెం తలూపింది.

"సరే, రెండు కిటికీలని చెప్పు," అన్నాడు కండక్టరు. "అంతకు మించొద్దు."